చుక్కాని వదలని చెయ్యి

హేమ కవిత్వం రాస్తోందని తెలిసి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. విజయవాడలో కవులకి కరువేముంది గనక! పటమటలో ఏ వీధి మొదట్లో నిలబడి "కవిగారూ" అని గట్టిగా పిలిచినా నాలుగైదు కిటికీలు తెరుచుకుంటాయి. వింతల్లా ఆమె దానికోసం క్లాసుకి వెళ్ళడం. రొయ్యల మేత అమ్మే కంపెనీ ఆఫీసులో వారమంతా బిల్లులు కొట్టీ కొట్టీ, ఆదివారం ఒక్కపూట కూడా నడుం వాల్చకుండా, పొద్దున్నే తలస్నానం చేసి సంచీ భుజాన వేసుకుని కవిత్వం నేర్చుకోవడానికి బయల్దేరే భార్యని చూసి మణికుమార్ మొదట్లో నవ్వాడు. టిఫిను తనే చేసుకోవాల్సి వచ్చాక నవ్వడం మానేశాడు.

క్లాసు చెప్పేది రామకోటేశ్వరరావు గారు. తెలుగు లెక్చరరుగా రిటైరై, మేడ మీద గదిలో చాపలు పరిచి, కొత్తగా రాసేవాళ్ళని కూర్చోబెట్టుకునేవారు. ఫీజు లేదు. దానికి బదులు తిట్లు తినాలి. హేమ మొదటి కవిత చదివి ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి అడిగారు.

"వెన్నెల మీద రాశారు బానే ఉంది. వెన్నెల చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?"

"పోయినేడు తుఫానప్పుడండి. కరెంటు పోతే డాబా ఎక్కాం."

"మరి ఆ కరెంటు పోయిన సంగతేదీ ఇందులో? అందరి వెన్నెలా ఇక్కడెందుకు? తీసెయ్యండి."

అలా తీయించి తీయించి ఆయన ఆమె కవితల్లో ఏమీ మిగల్చలేదు. రాయడం సగం పనే, పంపడం మిగతా సగం అని కూడా ఆయనే చెప్పేవారు. ఒక కవితని ఒకేసారి రెండు పత్రికలకి పంపకూడదు. ఎడిటరుకి ఫోను చేసి నా కవిత ఏమైందని అడగకూడదు. కింద హామీ రాయాలి, ఇది నా సొంత రచన, దేనికీ అనువాదమూ అనుకరణా కాదు అని. అన్నిటికంటే ముఖ్యం, పేరు కింద సెల్ నంబరు వేయడం మర్చిపోకూడదు.

"పారితోషికం మాట దేవుడెరుగు. మన తెలుగు పత్రికల్లో కవికి దక్కేది ఆ నంబరుకి వచ్చే ఫోన్లే. ఆ వారం రోజులూ ఫోను ఛార్జింగులో ఉంచుకోండి. పొగిడేవాళ్ళు నలుగురు చేస్తారు. తప్పు పట్టేవాడు ఒకడు తప్పకుండా చేస్తాడు. వాడితో పోట్లాడకండి" అనేవారాయన.

హేమ ఆ నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. ఒక్క ఫోనూ రాలేదు, ఎందుకంటే ఒక్క కవితా అచ్చు కాలేదు. వాన మీద రాసింది, చెట్టు మీద రాసింది, స్త్రీ మీద రాసింది. అన్నీ పోయినవి పోయినట్టే. ఏడాది తిరిగేసరికి ఆమెకి విసుగొచ్చి, క్లాసు మానేద్దామనుకుంటూ వెళ్ళిన ఆదివారం నాడు రామకోటేశ్వరరావు గారు మామూలుగా తిట్టకుండా మెల్లగా ఒక ప్రశ్న వేశారు.

"అమ్మా, మీరు పుట్టి బుద్ధెరిగాక నిజంగా ఏడ్చింది ఎప్పుడు?"

ఆమె జవాబు చెప్పలేదు. ఆలోచించాల్సి వచ్చి కాదు, గొంతు పట్టేసింది.

హేమది బందరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాలెం. తండ్రి పేరు పెద్దబ్బాయి, పడవకి చుక్కాని పట్టేవాడు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు ఒక తెల్లవారుజామున ఆయనా, ఆయన తమ్ముడు పుల్లయ్యా, మరో ఇద్దరూ వేటకి వెళ్ళారు. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి. ఆ ఇద్దరి శవాలూ దొరికాయి గాని అన్నదమ్ములవి దొరకలేదు. చివరిదాకా మీ నాన్న చుక్కాని వదిలి ఉండడు, వదిలేవాడైతే ఈదుకుంటూ వచ్చేసేవాడు అని అమ్మ కొండలమ్మ చెప్పేది. హేమ ఆ మాట పట్టుకుని పెరిగింది. బడిలో ఎవరైనా తండ్రి లేని పిల్ల అంటే, మా నాన్న చుక్కాని వదల్లేదు అని మీద పడి కొట్టేది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాసింది. కొట్టివేతలు లేవు, వెన్నెల లేదు.

మా నాన్న పెద్దబ్బాయి
సముద్రానికి ఎదురు చెప్పిన మనిషి
పడవ మునిగేదాకా చుక్కాని వదల్లేదు
మునిగాక కూడా వదల్లేదేమో
అందుకే నా దగ్గరికి రాలేదు

ఇంకా ఉంది గాని ఆ ఐదు పాదాలే దాని ప్రాణం. రామకోటేశ్వరరావు గారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, "పంపండి" అన్నారు. ఆ నోటి నుంచి అంత పొట్టి మాట రావడం శిష్యులెవరూ అంతకుముందు వినలేదు.

ఒక సోమవారం దినపత్రిక సాహిత్యం పేజీలో, పైన ఎడమవైపు, ఫొటోతో సహా వేశారు. మణికుమార్ ఎనిమిది కాపీలు కొనుక్కొచ్చి, టిఫిను సంగతి మర్చిపోయి, వీధి వీధంతా పంచాడు. హేమకి కాళ్ళు నేల మీద ఆనలేదు. పొద్దున ఏడింటి నుంచి ఫోన్లే ఫోన్లు. ఖమ్మం నుంచి ఒక టీచరమ్మ చదువుతూ ఏడ్చేసింది. గుణదల నుంచి డయానా అనే డిగ్రీ అమ్మాయి, మా నాన్నా ఇట్టాగే పోయాడక్కా, లారీలో, అంది. పల్లెపాలెం కుర్రాళ్ళు కూడా చేశారు. వేట నిషేధం రోజులు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, వచ్చే ఆదివారం గంగమ్మ జాతర. పోయిన ఆ నలుగురి ఫొటోలతో ఫ్లెక్సీ వేయిస్తున్నామనీ, దాని మీద ఈ కవిత వేస్తామనీ, ఆమె వచ్చి స్టేజీ మీద చదవాల్సిందేననీ అన్నారు. ఆమె వెంటనే ఒప్పుకుంది. పుట్టిన పాలెంలో మైకు ముందు నిలబడి తండ్రి పేరు చెప్పే అవకాశం కంటే ఆమెకి ఇంకేం కావాలి?

అందరూ మెచ్చుకున్నారు గాని అమ్మ ఒక్కతే మెచ్చుకోలేదు. ఫోన్లో "పేపర్లో ఎందుకే అయ్యన్నీ?" అంది. హేమకి చివుక్కుమంది. చదువురాని మనిషి, ఆమెకేం తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ విప్పి తింటుండగా కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. పెద్దాయన గొంతు. కాస్త ఆయాసపడుతున్నట్టుంది.

"కవిత రాసిన హేమగారేనా అండీ?"

"అవునండి. ఎక్కణ్ణించండి?"

"హనుమాన్ జంక్షన్ నుంచండి. టీకొట్టు దగ్గర పేపరు చూశానండి. చాలా బాగా రాశారండి."

"థాంక్సండి."

"ఒక్క తప్పుందండి అందులో."

వచ్చాడమ్మా ఆ ఒకడు, అనుకుంది హేమ. గురువుగారి మాట గుర్తొచ్చి, కోపం దిగమింగి, చెప్పండి అంది.

"చుక్కాని పట్టుకుంది పెద్దబ్బాయి కాదండి. పుల్లయ్య."

హేమ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కవితలో పుల్లయ్య పేరు ఎక్కడా లేదు.

"మీదే ఊరండి? మా బాబాయి మీకెలా తెలుసు?"

"ఆ పడవలో పోవాల్సినోణ్ణండి నేను. పోలేదు."

"అందులో నలుగురేనండి ఉంది. నలుగురూ పోయారు."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు. "ముగ్గురే పోయారు, హేమమ్మా" అన్నాడు ఆ మనిషి.

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఎవడో పనిలేనివాడు, చావు మీద కూడా ఆటలాడే రకం. పెట్టేయబోయింది. ఈలోగా ఆయన గబగబా అన్నాడు. "పెట్టెయ్యకమ్మా. నీ ఎడమ మడమలో గాలం దిగితే నేనే తీశాను. పసుపు పెట్టి కట్టాను. అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పలేదు నేను."

ఆ గాలం సంగతి హేమ అమ్మకే కాదు, మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పేంత గొప్ప విషయం కాదు. ప్రపంచంలో అది తెలిసినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు సముద్రంలో పోయారు. చెవిలో ఫోను ఉందో లేదో కూడా తెలియలేదు. పక్క సీటు పద్మశ్రీ, ఏమైందే, ఎవరన్నా పోయారా, అని భుజం పట్టుకు కుదిపింది. హేమ తల అడ్డంగా ఊపింది. ఎవరూ పోలేదు. అదే కదా సమస్య.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, మణికుమార్‌తో ఎవరో పాఠకుడు రమ్మన్నాడని చెప్పి, ఏలూరు బస్సెక్కింది. గన్నవరం దాటేదాకా ఆమెకి ఒకటే ఆశ, అది అబద్ధమవ్వాలని. తండ్రి బతికుండాలని కాదు, చచ్చిపోయి ఉండాలని దేవుడికి మొక్కుకుంటున్నానని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది. పాతికేళ్ళ పైగా రోజూ, నాన్న తిరిగొస్తే బావుండును, అనుకున్న పిల్లే ఈమె.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి, ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం లారీలు ఆగే చోటికి నడిచింది. రేకుల షెడ్డు కింద ఒక ముసలాయన లారీల మీద కప్పే పెద్ద టార్పాలిన్ పట్టాని ఒళ్ళో పోసుకుని దబ్బనంతో కుడుతున్నాడు. దారం లాగి, కుడిచేతి బొటనవేలికి ఒక చుట్టు చుట్టి, ముడి బిగిస్తున్నాడు. పల్లెపాలెంలో వలలు బాగుచేసే ప్రతి మగాడూ వేసే ముడే అది. మొహం చూడకముందే ఆమెకి తెలిసిపోయింది.

ఆయన లేచాడు. ఏం చెయ్యాలో తెలియక అక్కడున్న ఒకే ఒక్క స్టూలుని పైగుడ్డతో దులిపాడు. "కూర్చోండి" అని సర్దుకుని, మళ్ళీ "కూర్చో అమ్మా" అన్నాడు.

హేమ కూర్చోలేదు. ఏడవనూ లేదు. "ఇంకో సంసారం ఉందా?" అని అడిగింది. ఆమె అనుకున్నవాటిలో అదే కాస్త నమ్మదగ్గ కారణం. మొగాళ్ళు ఇల్లొదిలి పోవడానికి మన దగ్గర ఉన్న కారణాలు చాలా తక్కువ.

"లేదమ్మా. ఏ మొహం పెట్టుకుని?"

"మరెందుకు రాలేదు?"

ఆయన దబ్బనం పట్టాకి గుచ్చి పక్కన పెట్టాడు.

"అంతకు ముందు వారం ఒక గాలికి చిక్కామమ్మా. ఒడ్డుకైతే వచ్చాం గానీ నా కాళ్ళ వణుకు తగ్గలా. అన్నం కలుపుతుంటే చేతులొణికేయి. ఎవరికి చెప్పను? సముద్రమంటే భయమని పాలెంలో మొగాడెవడన్నా అంటాడా? అంటే చీర కట్టుకోమంటారు. ఆ రోజు వాళ్ళతోపాటే చీకటితో బయల్దేరాను. కాలవ సముద్రంలో కలిసే చోటుకొచ్చేసరికి నావల్ల కాలా. కడుపులో నొప్పని చెప్పి గట్టున దిగిపోయా. మీ బాబాయి నవ్వాడు. నువ్వు పడుకో అన్నయ్యా, ఇయ్యాల చుక్కాని నేను పడతా అన్నాడు. వాడికప్పటికి ఇరవై మూడేళ్ళు. చుక్కాని పట్టడం సరిగ్గా రాదు. నాకు తెలుసు రాదని. తెలిసే ఇచ్చాను."

రోడ్డు మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆయన ఆగాడు.

"వాడి చావు నా పేర రాశావమ్మా నువ్వు. పేపర్లో చూసి నా పాణం కొట్టుకుపోయింది. ఆ పేరు మార్చు. వాడిది వాడికిచ్చెయ్. నాకింకేం వద్దు."

"ఎల్లుండి జాతర. నాతో పాలెం రా. నీ నోటితోనే చెప్పు."

"రాను. మీ అమ్మ రావద్దంది."

హేమ తనకి సరిగా వినబడలేదనుకుంది. "ఎవరు?"

"కొండలమ్మే. సంగతి తెలిసి మూడ్రోజులు తుప్పల్లో దాక్కుని, నాలుగో రోజు చీకటిపడ్డాక వచ్చా నేను. దొడ్డివైపు నుంచి వచ్చా. మీ అమ్మే పొమ్మంది."

అప్పుడు కూర్చుంది హేమ. ఆ దులిపిన స్టూలు మీదే కూలబడింది. తండ్రి బతికున్నాడంటే తట్టుకున్న మనిషి, అమ్మకి తెలుసంటే తట్టుకోలేకపోయింది. తనని ఒళ్ళో పడుకోబెట్టుకుని చుక్కాని కథ చెప్పిన అమ్మ! ఆయన టీ తెప్పించాడు. ఆమె తాగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కవిత కింద తను రాసిచ్చిన హామీ తలుచుకుంటే నవ్వొచ్చింది. దేనికీ అనుకరణ కాదట. అసలుదే అమ్మ కట్టిన కథైతే, దాన్ని చూసి ఈమె రాసింది.

ఆదివారం మధ్యాహ్నానికి పల్లెపాలెం చేరింది. వీధి మొదట్లోనే ఫ్లెక్సీ. నలుగురి ఫొటోల్లో తండ్రిది అందరికంటే పెద్దగా, మధ్యలో పెట్టారు. పక్కనే ఆమె కవిత. బాబాయి పుల్లయ్య మూల మీద, గుర్తుపట్టలేనంత చిన్నగా ఉన్నాడు. దాని కింద నిలబడి పిల్లలు ఐస్‌క్రీము తింటున్నారు.

కొండలమ్మ వాకిట్లో పీట వేసుకుని జాతర వంటకి రొయ్యలు ఒలుస్తోంది. కూతుర్ని చూసి, ఎండలో వచ్చావే, మజ్జిగ తాగు, అంది. హేమ చెప్పులు కూడా విప్పకుండా ఎదురుగా నిలబడింది.

"హనుమాన్ జంక్షన్ వెళ్ళొచ్చానమ్మా."

కొండలమ్మ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. వీధిలో డప్పులు మోగుతున్నాయి. "బాగా చిక్కిపోయాడా?" అని అడిగింది.

ఎవరు అని గాని, అక్కడేముందని గాని అడుగుతుందేమోనన్న చివరి ఆశ కూడా పోయింది హేమకి. ఒళ్ళు భగ్గుమంది.

"సిగ్గులేదా నీకు? బతికున్న మొగుణ్ణి చంపావు. ఎందుకమ్మా?"

"అరవకు. లోపలికి రా."

"రాను. ఇక్కడే చెప్పు."

కొండలమ్మ నీళ్ళలో చేతులు కడుక్కుంది. గొంతు తగ్గించింది గాని తడబడలేదు. ఎన్నో ఏళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్న మాటల్లా వచ్చాయి.

"ముగ్గురాడాళ్ళు రేవులో పొర్లి పొర్లి ఏడుస్తున్నారే. వాళ్ళ మధ్యలోంచి నా మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకోమంటావా? మీ పిన్ని రావమ్మ ఒళ్ళో నెల్లాళ్ళ పిల్ల. దాని మొగుడు ఈయన బదులు చుక్కాని పట్టాడు. ఈయన గడప దాటి బయటికొచ్చిన ప్రతిసారీ అది ఈయన మొహం చూడాల. చూసి, నువ్వెందుకు బతికావని అడక్కుండా ఉండుద్దా? అడక్కపోయినా ఈయన బతకగలడా? అందుకే పొమ్మన్నా. హనుమాన్ జంక్షన్‌కెళ్ళి బతుకు, ఇక్కడికి మాత్రం రాకు, అన్నా. ఊరికే పొమ్మన్లేదు. ఆ ముగ్గురితోపాటు నా బొట్టూ తీయించుకున్నా. వాళ్ళకేదైతే నాకూ అదే అనుకున్నా. ఇప్పటికీ రావమ్మా నేనూ ఒకే కంచంలో తింటన్నాం."

హేమ అమ్మని తిట్టాలని దారి పొడుగునా పేర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. చివరికి తన మాటే మిగిలింది.

"మరి నేనో? నాకు చెప్పొచ్చుగా. అప్పుడు కాకపోతే పెద్దయ్యాక చెప్పొచ్చుగా. ఆయన కోసం ఎంత ఏడ్చానో నీకు తెలుసుగా."

"చెప్తే నువ్వు ఏడవ్వుగా" అంది కొండలమ్మ.

"అంటే?"

"బొట్టు తీసిన రోజున నాకు ఏడుపు రాలేదే. బతికున్నోడి కోసం ఎట్టా వస్తది? గుండెలు బాదుకున్నా గానీ కంట్లో తడి లేదు. రావమ్మ నావైపు అదోలా చూసింది. పెద్దాళ్ళూ చూశారు. దొరికిపోయాననుకున్నా. ఈలోగా నువ్వు రేవులోకి పరిగెత్తావు. నీళ్ళలో దిగి, నాన్నా నాన్నా అని గొంతు పోయేదాకా ఏడ్చావు. నలుగురు పట్టుకున్నా ఆగలా. నిన్ను చూశాక ఇంకెవరూ నావైపు చూళ్ళేదు. మొగుడు పోయి ఆడది రాయైపోయిందన్నారు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఊరు నమ్మింది నన్ను చూసి కాదమ్మా. నీ ఏడుపు చూసి నమ్మింది. అందుకే నీకు చెప్పలేదు."

జీవితంలో హేమ నిజంగా ఏడ్చిన ఆ ఒక్క ఏడుపు, గురువుగారు అడిగితే గొంతు పట్టేసిన ఏడుపు, దాన్ని అమ్మ వాడుకుంది. అమ్మ మీద కోపం కాదు అది. అంతకంటే చెడ్డది.

"స్టేజీ మీద చెప్పేస్తాను" అంది. "చుక్కాని పట్టింది బాబాయని చెప్పేస్తాను. పిన్నికి తెలియాలి."

కొండలమ్మ ఆమెని ఆపలేదు. బతిమాలలేదు. "నీ ఇష్టం. రావమ్మ ముందు వరసలోనే కూర్చుంటది" అని, మళ్ళీ రొయ్యల ముందు కూర్చుంది.

సాయంత్రం ఎండ వాలాక సభ మొదలైంది. ముందు వరసలో కుర్చీలేసి ఆ నలుగురి భార్యల్నీ కూర్చోబెట్టారు. రావమ్మ పిన్ని పక్కనే అమ్మ. ఇద్దరి చేతులూ కలిసే ఉన్నాయి. మైకు పట్టుకున్న కుర్రాడు, మన పాలెం ఆడపడుచు, పేపర్లో పడ్డ కవయిత్రి, అంటూ ఊదరగొట్టి హేమని పిలిచాడు. చప్పట్లు.

హేమ కవిత కాగితం తీసుకెళ్ళలేదు. ఏం చెప్పాలో ఆమెకి స్పష్టంగా ఉంది. ఆ రోజు మా నాన్న పడవ దిగిపోయాడు. చుక్కాని పట్టింది మా బాబాయి పుల్లయ్య. రెండే వాక్యాలు. మైకు ఎత్తు సరిచేసుకుంది. రావమ్మ పిన్ని వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"ఆ రోజు మా నాన్న..."

అంతే. అక్కడికొచ్చేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. చచ్చిపోయిన తండ్రి కోసం కాదు, ఆయన రేకుల షెడ్డులో పట్టాలు కుట్టుకుంటున్నాడు. ఆ నీళ్ళలో దిగి గొంతు పోగొట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల కోసం వచ్చింది. ఆ పిల్లని ఎవరూ ఎత్తుకుని నిజం చెప్పలేదు కదా అని వచ్చింది. ఆపుకోవాలని చూసినకొద్దీ ఎక్కువైంది. మైకులోంచి ఆ వెక్కిళ్ళు పాలెమంతా వినబడ్డాయి. ముందు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత మగవాళ్ళు తలలొంచుకున్నారు. ఆ రోజు రేవులో ఉన్న ముసలాళ్ళు, అప్పుడూ ఇట్టాగే ఏడ్చింది బిడ్డ, అని చెప్పుకుని తామూ ఏడ్చారు. డప్పులు ఆపేశారు. కొండలమ్మ ఒక్కతే పొడి కళ్ళతో కూతురికేసి చూస్తూ కూర్చుంది.

హేమకి అప్పుడు అర్థమైంది. తను నోరు తెరిచి నిజం చెప్పేలోపే అందరూ మళ్ళీ నమ్మేస్తున్నారు.

రావమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ స్టేజీ మెట్లెక్కి వచ్చి, హేమని గట్టిగా గుండెలకి హత్తుకుంది. హేమ ఆ భుజం మీద నుంచి తల ఎత్తడానికి పెనుగులాడింది.

"పిన్నీ... బాబాయి... చుక్కాని..."

"అవునమ్మా" అంది రావమ్మ, ఆమె కళ్ళు తన కొంగుతో తుడుస్తూ. "మీ బాబాయి కూడా పక్కనే ఉండుంటాళ్ళే. అన్నని ఒంటరిగా ఒదిలే మనిషా ఆయన!"